బస్సుకు దప్పికయ్యే చోటు

రెండేళ్ల కిందట నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్దకు పోయే పల్లెవెలుగు బస్సుకు మహా దప్పికగా ఉండేది. డిపో గేటు దాటి అరగంట కాకముందే, కంది చేల మధ్య ఒక చిన్న ఊరి స్టేజీ దగ్గర, పచ్చ తలుపున్న సంగమ్మ ఇంటి ముందు ఆగిపోయేది. డ్రైవర్ శంకరప్ప సీటు పక్కనుంచి తెల్ల డబ్బా తీసి, “రేడియేటర్ల నీళ్లు పొయ్యాలె, జర ఐదు నిమిషాలు” అని దిగేవాడు.

వెనక సీట్లలో గొణుగుడు మొదలయ్యేది.

“పొద్దుగాల గూడ గీడనే పోస్తివి గదనే శంకరప్పా! గిది బస్సా, బర్రెనా? ఎన్ని నీళ్లు తాగుతదే?”

“బర్రె అయితే పాలన్న ఇస్తుండె. కూసో, కూసో,” అనేవాడు శంకరప్ప.

బస్సు ముందు జాలీ తెరిచి, లోపలికి తొంగి చూసి, గుడ్డతో ఏదో తుడిచి, పోసీ పోయనట్టు రెండు చెంబుల నీళ్లు పోసి, మెల్లగా మూసేవాడు. ఆ ఐదు నిమిషాల్లో కండక్టర్ వినోద ఏమైందో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఆమె సంగమ్మ ఇంటి వెనక రేకు తలుపున్న బాత్రూమ్‌లో ఉండేది. బయటికొచ్చి, మొహం కడుక్కుని, సంగమ్మ ఇచ్చిన మంచినీళ్లు ఒక గుక్క తాగి, బస్సెక్కి “రైట్ రైట్” అనేది. శంకరప్ప అప్పుడు జాలీ మూసేవాడు. ఒక్కోసారి ఆమె ఆలస్యమైతే ఉత్త డబ్బానే వంచి పట్టుకుని నిలబడేవాడు.

ఈ ఒప్పందం గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మొదటిసారి అద్దంలో ఆమె మొహం చూశాడు, అంతే. నాగల్‌గిద్ద మనిషి, ఇంట్లో సగం కన్నడం మాట్లాడతాడు, ఏదైనా సరేననడానికి “ఆయ్తు” అంటాడు. ఆ రోజు వినోద “అన్నా, జర ఆపుతవా” అనగానే “ఆయ్తు” అని బ్రేకేసి, డబ్బా తీశాడు. ఆ డబ్బా సంగతి ఆయనకు ఎట్లా తట్టిందో ఇప్పటికీ ఆమెకు తెలియదు.

వినోదకు ముప్పై ఆరేళ్లు. ఇంటర్ పాసై, పన్నెండేళ్ల కింద కండక్టర్ ఉద్యోగంలో చేరింది. ఆమెకు బస్సంటే ఇష్టం. చిన్న ఇష్టం కాదు. టాప్ మీద కంది బస్తాలు, లోపల కోళ్లు, చంకలో పిల్లలు, ఫుట్‌బోర్డు మీద కాలేజీ పోరగాళ్లు – ఆ తొక్కిసలాటలో ఈ చివర నుంచి ఆ చివరకు ఎవరి కాలూ తొక్కకుండా పోవడం ఆమెకు వచ్చిన విద్య. ఏ స్టేజీలో ఎవరు ఎక్కారో, ఎవరు దిగాలో మనసులో ఉంటుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక కూడా జీరో టికెట్ కొట్టకుండా ఒక్కరినీ వదలదు.

“ఫ్రీయే గదనమ్మా, మళ్ల టికెటెందుకు?” అంటే, “జీరో అయినా టికెట్ టికెట్టే పెద్దమ్మా. పట్టుకో, పారేయకు,” అంటుంది.

టికెట్ తీసుకోని మనిషిని పట్టడానికి ఆమెకో గుర్తుంది. కండక్టర్ దగ్గరికొచ్చేసరికి వాళ్లకు కిటికీ బయట ఏదో కనిపిస్తుంది. ఉత్త చేనే అయినా సరే, సినిమా చూసినట్టు చూస్తారు.

అట్లాంటి మనిషికి మూడేళ్ల కింద కడుపులో జబ్బు పట్టింది. మొదట్లో రక్తం పడితే మూలశంక అనుకుంది. ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు. కారం మానేసింది, మజ్జిగ తాగింది, పసరు మందు వేసుకుంది. రోజుకు పదిసార్లు, పన్నెండుసార్లు పోవాల్సి వచ్చేది. బస్సులో నిలబడి ఆ నొప్పిని పళ్ల బిగువున ఆపుకోవడం ఎట్లా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. డ్యూటీకి పోయే ముందు అన్నం మానేసింది, నీళ్లు మానేసింది. బరువు తగ్గి, టికెట్ మిషన్ పట్టీ భుజం మీద నిలవకుండా జారిపోతుంటే, భర్త సుభాష్ పట్టుబట్టి హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. సుభాష్ ఇంటి ముందు గదిలోనే బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మోటారు కాలిందంటే విప్పి చూడాల్సిందే తప్ప, పైన తుడిస్తే లాభం లేదని ఆయన నమ్మకం.

కెమెరా వేసి చూసి, పెద్దపేగు లోపలి పొర పుండు పడిందని చెప్పారు డాక్టర్లు. పేరు అల్సరేటివ్ కొలైటిస్.

“తక్కువైతదా డాక్టర్?” అని అడిగాడు సుభాష్.

“పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ నిద్రపుచ్చొచ్చు. మందులు సరిగ్గా వాడితే ఏళ్లకేళ్లు పడుకునే ఉంటుంది. లేవకుండా చూసుకోవడమే మన పని,” అన్నాడాయన.

దాన్ని నిద్రపుచ్చడానికి చాలా పట్టింది. స్టెరాయిడ్ గోలీలకు మొహం పూరీలా పొంగింది. డిపోలో ఆమెను బస్సు దింపి, ఎంక్వైరీ కౌంటర్లో కూర్చోబెట్టారు. పది నెలలు. నీడన కూర్చునే పని, పక్కనే బాత్రూమ్, అందరూ అదృష్టవంతురాలివన్నారు. రోజూ మైకు పట్టుకుని “నాగల్‌గిద్ద పోవు బస్సు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది” అని చెప్పి, ఆ బస్సు వేరే కండక్టర్‌తో గేటు దాటిపోవడం చూసేది. శంకరప్ప పోతూ పోతూ ఒక్క హారన్ కొట్టేవాడు. మళ్లీ బస్సెక్కాలి, ఎక్కాక దిగకూడదు. ఆ పది నెలలూ ఆమె కోరుకున్నది అదొక్కటే.

నెలకోసారి హైదరాబాద్ పోవడం ఇంకో తిప్పలు. పొద్దున మొదటి బస్సెక్కితే మూడు గంటలకు పైనే ప్రయాణం. దారి పొడుగునా ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ బాత్రూమ్ ఉంది అనే లెక్కే. అంత దూరం పోయి, ఓపీ చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుంటే డాక్టర్ దగ్గర దొరికేది ఐదు నిమిషాలు. ఒకసారి అక్కడే వరుసలో కూర్చున్నప్పుడు ఒక నర్సు వచ్చి పక్కన కూర్చుంది. పేరు ఎలీసబెతు. మెదక్ అమ్మాయి, నవ్వు మొహం.

“వినోదక్కా, గింత దూరం నెలనెలా వచ్చుడెందుకు? ఇంట్లనే ఉండి చూపించుకుంటవా? మేం కొత్తగ మొదలువెట్టినం,” అంది.

పద్ధతి ఇది. ఫోన్లో ఒక యాప్. రోజూ పొద్దున ఐదు ప్రశ్నలు, తెలుగులోనే: నిన్న ఎన్నిసార్లు పోయారు, రక్తం పడిందా, నొప్పి ఉందా, నీరసంగా ఉందా, గోలీలు వేసుకున్నారా. జవాబులు హైదరాబాద్‌లో ఎలీసబెతు ముందు కనిపిస్తాయి. ఏదైనా తేడా ఉంటే ఆమె వీడియో కాల్ చేస్తుంది, అవసరమైతే డాక్టర్‌ను లైన్లోకి తెస్తుంది. వీటికి తోడు నెలకోసారి ఇంట్లోనే చేసుకునే చిన్న మలపరీక్ష. పుల్లతో రవ్వంత తీసి, గొట్టంలోని మందు నీళ్లలో కలిపి, పట్టీ మీద చుక్కలు వేసి, పన్నెండు నిమిషాలు ఆగి, ఫోన్‌తో ఫొటో తీస్తే యాప్ ఒక నంబరు చెప్తుంది. పేగు లోపల వాపు ఎంత ఉందో ఆ నంబరు. వంద లోపు పచ్చ, ఆపైన పసుపు, మూడొందలు దాటితే ఎరుపు.

“మనకు నొప్పి తెల్వకముందే దానికి తెలుస్తది అక్కా. గదే దాని గొప్పతనం,” అంది ఎలీసబెతు.

పరీక్ష డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ అత్త హన్మమ్మతో పెద్ద పంచాయితీ అయింది.

“థూ! గీ ఫ్రిజ్‌ల పెరుగున్నది, పచ్చిమిరపకాయలున్నయి. గందులనే పెడ్తవా గది?”

“కొత్త డబ్బ అత్తమ్మా. దాంట్ల ఇంక ఏం లేదు. మందు సల్లగుండాలె, గందుకు.”

“లేకుంటే ఏంది? రేపు దేంట్ల ముంచుతరో నాకు ఎరుక లేదా?”

చివరికి హన్మమ్మ ఆ డబ్బాను ఒక కవర్లో వేసి, ఆ కవరును ఇంకో కవర్లో వేసి, పైన దారంతో ఏడు ముళ్లు వేసి, అన్నిటికంటే కింది అరలో మూలకు నెట్టింది. ఇక ప్రతినెలా ఆ ముళ్లు విప్పడానికి వినోదకు పది నిమిషాలు, పరీక్షకు పన్నెండు నిమిషాలు.

కింద గదిలో సుభాష్ మోటార్ల చప్పుడు కాబట్టి వీడియో కాల్ వస్తే వినోద మిద్దె మీదికి పోయి నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేది. ఒక్కరోజు కూడా ఆ ఐదు ప్రశ్నలు వదల్లేదు. రక్తం సున్నా అయితే సున్నా అనే పెట్టేది, ఖాళీగా వదిలేది కాదు. “మా లిస్టుల నీ అంత పక్కాగ ఎవరూ నింపరు అక్కా,” అనేది ఎలీసబెతు. నంబర్లు తగ్గుతూ వచ్చాయి. రెండొందల పది. నూట ముప్పై. డెబ్బై. స్టెరాయిడ్లు ఆగిపోయాయి. మొహం మళ్లీ మొహంలా అయింది. పొద్దున నాలుగు పెద్ద గోలీలు మాత్రం మిగిలాయి. డాక్టర్ ఫిట్‌నెస్ చీటీ రాసిచ్చాడు. ఒక సోమవారం పొద్దున వినోద టికెట్ మిషన్ భుజానికేసుకుని నాగల్‌గిద్ద బస్సెక్కింది.

సంగమ్మ ఇంటి ముందు శంకరప్ప బ్రేకు మీద కాలేసి అద్దంలో చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సు సాగిపోయింది. ఆ తర్వాత కొద్ది నెలలకే తెల్ల డబ్బా మీద దుమ్ము పేరుకుంది.

దీపావళి పోయాక ఒక ఆదివారం హన్మమ్మ అంది: “వినోదా, బోరంచ మొక్కు బాకీ ఉన్నది. నీకు తక్కువైతే నల్లపోచమ్మకు బోనం చేస్తనని మొక్కిన.”

ఆ మంగళవారం, వినోదకు ఆఫ్ ఉన్న రోజు, బోరంచ గుడికి పోయారు. వినోద తలమీద బోనం ఎత్తుకుంది. ఆమెకు కూడా ఆ రోజు మనసు నిండింది. పది నెలలు మైకు ముందు కూర్చున్నప్పుడు ఆమె మొక్కుకున్నది కూడా అదే తల్లికి. వినోద యాట మాంసం కూర ముట్టకుండా పప్పూ అన్నం తింది; సాయంత్రానికి ఇల్లు చేరారు.

తెల్లారి గోలీల డబ్బా తీస్తుంటే హన్మమ్మ చూసింది. పాత బిస్కెట్ డబ్బా అది, ఇంట్లో అందరి మందులూ అందులోనే.

“ఏందే, ఇంక మింగుతున్నవా?”

“దినాం మింగేయే గదా అత్తమ్మా.”

“నిన్ననే గదనే మొక్కు తీర్చినం! మొక్కు తీర్చినమంటే ఏంది? తక్కువైందని తల్లికి చెప్పొచ్చినట్టు. ఇగ ఇయ్యాల గోలీ మింగితే, నిన్న చెప్పింది అబద్ధమన్నట్టే గదా?”

వినోద నవ్వి డబ్బా మూసింది. కానీ ఆ మాట లోపల ఎక్కడో పట్టుకుంది. ఒంట్లో నిజంగానే ఏమీ లేదు. నెలలుగా నంబరు పచ్చలోనే ఉంది. గోలీలు చూస్తే చింతగింజలంత. అత్త వయసు, అత్త నమ్మకం, బోనం నాటి ఆ సంతోషం – వీటన్నిటినీ కాదని మింగడానికి ఆ రోజు చెయ్యి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజుకు అలవాటైపోయింది.

యాప్‌లో అయిదో ప్రశ్న మాత్రం రోజూ అడిగేది: గోలీలు వేసుకున్నారా? లేదని పెడితే ఎలీసబెతు ఫోన్ చేస్తుంది. చేస్తే సంజాయిషీ చెప్పాలి. డాక్టర్ దాకా పోతే, మళ్లీ డిపోకు చీటీ రాస్తారేమో, మళ్లీ మైకు ముందు కూర్చోబెడతారేమో. వినోద వేలు ‘అవును’ మీద పడింది. పడ్డాక రోజూ పడుతూనే ఉంది.

మూడు వారాలు గడిచాయి. మంగళవారం ఆమెకు వీక్లీ ఆఫ్. నెల పరీక్ష రోజు. ఏడు ముళ్లూ విప్పి, పట్టీ మీద చుక్కలు వేసి, పన్నెండు నిమిషాలు బియ్యం ఏరుతూ కూర్చుంది. ఒంట్లో హాయిగా ఉంది, కాబట్టి భయం లేదు. ఫొటో తీసింది.

నాలుగొందల పది. ఎరుపు.

పట్టీ తప్పేమో అనుకుంది. ఫోన్ తప్పేమో అనుకుంది. కడుపు మీద చెయ్యేసి చూసుకుంది. నొప్పి లేదు. పొద్దున ఒక్కసారే పోయింది, రక్తం చుక్క లేదు. గంట తిరక్కముందే ఫోన్ మోగింది. మిద్దె ఎక్కింది.

“వినోదక్కా, మంచిగున్నవా?” ఎలీసబెతు గొంతు ఎప్పటిలాగే ఉంది.

“మంచిగనే ఉన్న సిస్టర్. ఏం లేదు. గా నంబరే…”

“బయటి తిండి ఏమన్న తిన్నవా? నొప్పుల గోలీలు గిట్ల?”

“లేదు.”

“మన గోలీలు టైముకు వేస్కుంటున్నవా?”

“ఆ… వేస్కుంటున్న.”

“అక్కా, అటేం జూస్తున్నవు?”

వినోద ఉలిక్కిపడింది. ఆమె నీళ్ల ట్యాంకును చూస్తోంది. అందులో చూడటానికి ఏముంది? నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. పన్నెండేళ్లుగా బస్సులో ఎందరి మొహాల్లోనో చూసిన చూపు అది. టికెట్ లేని మనిషి చూపు.

“సరే అక్కా, గోలీల డబ్బ జర తెస్తవా? ఎన్ని మిగిలినయో చూసి కొత్త చీటీ రాయిస్త,” అంది ఎలీసబెతు, అంతే మామూలుగా.

వినోద దిగి, బిస్కెట్ డబ్బా తీసుకుని మళ్లీ మెట్లెక్కింది. డబ్బా పైకి పోవడం చూసి హన్మమ్మ కూడా మోకాళ్లు పట్టుకుంటూ వెనకే ఎక్కింది.

“గా డబ్బ ఎందుకే పైకి? ఏం చేస్తవు దాంతోని?” ఆమె గొంతులో ఏదో కంగారు.

వినోద ఫోన్ ముందు డబ్బా ఒంపింది. మూడు వారాల గోలీల షీట్లు, ఒక్క గోలీ గుంట కూడా చిరగకుండా, ఎండలో మెరిసిపోతూ పడ్డాయి.

“అబద్ధం చెప్పిన సిస్టర్,” అంది వినోద. “బోరంచ పోయొచ్చినంక ఒక్కటి గూడ మింగలే. మొక్కు తీర్చినంక మింగొద్దని… ఇగ నాక్కూడ మంచిగనే ఉండె.”

ఎలీసబెతు తిట్టలేదు. ఆ కుప్పను చూసి, “గా చిన్న గోలీలు ఎవలివి అక్కా?” అని అడిగింది.

“అత్తమ్మయి. బీపీయి.” అని ఆ షీటు చేతిలోకి తీసుకున్నాక గాని వినోద గమనించలేదు. అదీ చిరగలేదు. బోరంచ పోయే ముందు సర్కారు దవాఖానలో తనే తెచ్చిచ్చిన షీటు. “అత్తమ్మా, ఇదేంది?”

“ఏంది? మర్చిపోయిన.”

“ఇరవై దినాలు మర్చిపోతవా?”

హన్మమ్మ మిద్దె పిట్టగోడ మీద కూర్చుంది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. “మరేం జేయాలె? నిన్ను మానేయ్‌మని నేను మింగుకుంట కూసోవాల్నా? మొక్కింది నేను. నీ మీద తల్లికి అనుమానం రావొద్దంటే నా నోరు గూడ కట్టుకోవాలె గదా. గా తల్లి చూడదా ఏంది?”

ఈ ముసలామె మూడు వారాలుగా పొద్దున లేవగానే తల పట్టుకుంటోంది. చలికని అనుకుంది తను.

ఫోన్లోంచి ఎలీసబెతు పిలిచింది. “పెద్దమ్మా, నీకు చేనున్నదా?”

“ఉన్నది. రెండెకురాలు. కంది ఏసినం. ఎందుకు?”

“కంది మంచిగొచ్చిందని పోచమ్మకు బోనం చేసిండ్రనుకో. మళ్లేడు చేనుకు మందు కొట్టుడు బంద్ జేస్తరా?”

“బంద్ జేస్తే పురుగు ఊకుంటదా? ఇడిసిపెడ్తదా ఏంది? నాలుగొద్దులల్ల కాయంత తొలిచి…”

హన్మమ్మ మధ్యలోనే ఆగిపోయింది. కోడలి వైపు చూసింది. ఫోన్ వైపు చూసింది.

“ఏడ దొరికిచ్చుకున్నవే గీ పిల్లను?” అంది చివరికి. “మస్తు మాటకారి ఉన్నది.”

ముగ్గురూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఎలీసబెతు నవ్వింది. ఆ నవ్వులోనే వినోద అసలు ప్రశ్న అడిగేసింది. “సిస్టర్, మరి నా డ్యూటీ?”

ఎలీసబెతు డాక్టర్‌ను లైన్లోకి తెచ్చింది. ఆయన నాలుగు నిమిషాలు మాట్లాడాడు. జబ్బు లోపల కదిలింది గాని ఇంకా లేవలేదు, ముందే దొరికింది. గోలీలు ఈ పూట నుంచే మొదలు. పడుకునే ముందు రోజూ ఎనిమా మందు, నెల రోజులు. నెలకు మళ్లీ పరీక్ష. “నంబరు దిగితే బస్సులోనే ఉండు. దిగకపోయినా, మధ్యలో రక్తం కనిపించినా, మళ్లీ స్టెరాయిడ్లు, సెలవు. అప్పుడు నేను డిపోకు చీటీ రాయక తప్పదు,” అన్నాడు. హన్మమ్మను ఆ రోజే పోయి బీపీ చూపించుకోమన్నాడు. సాయంత్రం సుభాష్ బండి మీద తీసుకుపోతే పైది నూట డెబ్బై చూపించింది. దారంతా “నాకేంగాలె” అన్న హన్మమ్మ ఆ రోజు మళ్లీ ఆ మాట అనలేదు.

తెల్లారి నుంచి కొత్త పద్ధతి మొదలైంది. అత్తాకోడళ్లు బిస్కెట్ డబ్బా ముందు ఎదురెదురుగా కూర్చునేవాళ్లు.

“నువ్వు ముందు.”

“నువ్వు ముందు. నాలిక సూపియ్యి.”

“నేనేమన్న చిన్నపోరినా?”

“అబద్ధం ఎవలు జెప్పిండ్రు, నేనా? సూపియ్యి!”

కంది కోతల కాలం వచ్చింది. బస్సు టాప్ మీద బస్తాలు లేచాయి. వినోద రోజులు లెక్కపెడుతూ డ్యూటీ చేసింది. మొదటి రెండు వారాలు ఏమీ లేదు. మూడో వారం బుధవారం, రెండో ట్రిప్పులో, పొట్ట కింద పాత నొప్పి సన్నగా మెలితిప్పింది. నుదుటి మీద చెమట. అద్దంలో శంకరప్ప చూశాడు. సంగమ్మ ఇంటి ముందు బస్సు ఆగింది. దుమ్ము పట్టిన తెల్ల డబ్బా బయటికొచ్చింది.

“మళ్ల దప్పికాయెనా శంకరప్పా?” అన్నాడు వెనక నుంచి పాత ప్రయాణికుడొకడు. “మానిందనుకుంటి!”

“చలికాలం గూడ దప్పిక గాదా? నువ్వు చలికాలం తాగవా, నాకెరుక లేదా?” అన్నాడు శంకరప్ప. బస్సంతా గొల్లుమంది.

వాకిట్లో సంగమ్మ జొన్నలు చెరుగుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. “ఏందమ్మా, మళ్ల మొదలాయెనా?”

“తెల్వది సంగమ్మక్కా.” నిజంగానే తెలియదు. లోపలికి పోయి, భయపడుతూ చూసుకుంది. రక్తం లేదు. నొప్పి, రెండుసార్లు ఎక్కువ పోవడం, అంతే. గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది.

తెల్లారి యాప్ తెరిచింది. నిన్న ఎన్నిసార్లు పోయారు? రెండు అని పెడితే ఎవరికీ తెలియదు. నాలుగు అని పెడితే ఫోన్ వస్తుంది. వినోద నాలుగు పెట్టింది. నొప్పి ఉంది. రక్తం లేదు. గోలీలు వేసుకున్నాను. అన్నీ పెట్టి పంపి, మిద్దె మీదికి తనే పోయి కూర్చుంది.

“చూసిన అక్కా,” అంది ఎలీసబెతు. “పరేషాన్ గాకు. రక్తం లేదు గదా. మందు మార్చేది లేదు. నాలుగొద్దులు పాలు, పచ్చి కూరగాయలు బంద్. రొట్టె బదులు మెత్తటి అన్నం తిను. దినాం గిట్లనే రాయి, ఉన్నదున్నట్టు.”

“ఉన్నదున్నట్టే రాస్తున్న సిస్టర్.”

“నాకు ఎరుకనే. ఇయ్యాల ట్యాంకు దిక్కు చూస్తలేవు.”

నాలుగు రోజులకు నొప్పి సర్దుకుంది. మూడు, రెండు, రెండు, ఒకటి – అంకెలు తమంతట తామే దిగాయి. నెల నిండిన మంగళవారం పొద్దున వినోద ఫ్రిజ్ తెరిస్తే కింది అరలో కవర్ల మూట లేదు. డబ్బా ఉత్తగా, మధ్య అరలో, పెరుగు గిన్నె పక్కన ఉంది. హన్మమ్మ పొయ్యి ముందు నిలబడి ఇటు చూడకుండానే అంది: “ముళ్లు విప్పుడు ఆలస్యమైతదని. జల్దీ జేయి, ఏమొచ్చిందో చూద్దం.”

పన్నెండు నిమిషాలు ఇద్దరూ ఏమీ ఏరలేదు, ఏమీ తరగలేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. సుభాష్ మోటార్ ఆపేసి గడపలో నిలబడ్డాడు. ఫొటో తీసింది. నూట అరవై ఐదు. పసుపు.

“పచ్చ గాదు గదనే,” అంది హన్మమ్మ.

“నాలుగొందల పది నుంచి దిగింది అత్తమ్మా. దిగుతున్నది.”

సాయంత్రానికి డాక్టర్ మాట ఎలీసబెతు మెసేజ్‌గా వచ్చింది. గోలీలు ఆపొద్దు. ఎనిమా మందు రోజు విడిచి రోజు. నెలకు మళ్లీ పరీక్ష. డిపోకు చీటీ అవసరం లేదు, బస్సులోనే ఉండొచ్చు. వినోద దాన్ని మూడుసార్లు చదివింది. నాలుగోసారి అత్తకు చదివి వినిపించింది.

తెల్లారి నాగల్‌గిద్ద బస్సు కిటకిటలాడుతోంది. కోసిన చేలు అటూ ఇటూ ఖాళీగా ఉన్నాయి. అరగంట కావస్తోంది. పచ్చ తలుపు దూరంగా కనిపించగానే బస్సు నెమ్మదించింది. శంకరప్ప ఎడమ చెయ్యి సీటు పక్కకు, డబ్బా మీదికి పోయింది. అద్దంలోంచి అడిగాడు:

“చెల్లె, నీళ్లు పొయ్యాల్నా?”

బస్సు మధ్యలో ఒక ముసలామెకు జీరో టికెట్ కొడుతున్న వినోద తలెత్తింది. వాకిట్లో సంగమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు వైపే చూస్తోంది. వినోద కిటికీలోంచి ఆమెకు చెయ్యి ఊపింది. ఆ తర్వాత, ఫుట్‌బోర్డు మీది పోరగాళ్లకు కూడా వినపడేటట్టు, అంది:

“వద్దన్నా. డబ్బా ఆడనే ఉండనియ్యి. రైట్ రైట్!”

“ఆయ్తు,” అన్నాడు శంకరప్ప, గేరు మార్చి.